మూడేళ్లు ఆగాక వచ్చిన కొత్త ఐప్యాడ్ మినీ: కొనాలా, మినీ 6తోనే నెట్టుకురావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2012లో వచ్చిన మొదటి మినీ నుంచి మినీలు తప్ప వేరే టాబ్లెట్ ముట్టుకోలేదు. ఇప్పుడు చేతిలో 256 జీబీ మినీ 6, దానికి తెర మీద రాసే ఆపిల్ కలం పెన్సిల్ 2 ఉన్నాయి. మూడేళ్లు ఎదురుచూస్తే 2024 అక్టోబర్ 15న ప్రకటించిన మినీ అదే ఆకారంలో, అదే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే) తెరతో వచ్చింది. పైగా మీ పెన్సిల్ దానికి పనిచెయ్యదట. ఇన్నేళ్లు నమ్ముకున్నందుకు ఇదేనా అని ఒళ్లు మండుతోంది, అయినా కొనాలా వద్దా తేల్చుకోలేకపోతున్నారు.

తీర్పు ముందే చెప్పేస్తాను. బొమ్మలు వేసేటప్పుడు లేయర్లు (ఒకదానిమీద ఒకటి పేర్చే పొరలు) చాలడం లేదనో, యాప్ మార్చిన ప్రతిసారీ మొదటి నుంచి లోడ్ అవుతోందనో ఇబ్బంది ఉంటే తప్ప కొనకండి. మీ కోపంలో ముప్పాతిక వంతు న్యాయమే. మిగిలిన పాతిక వంతు మాత్రం తప్పుచోట తగులుతోంది. మీరు చూస్తున్నది తెరని, ఈసారి మారింది మెమరీ.

మినీ 6లో 2021 నాటి ఏ15 చిప్, 4 జీబీ ర్యామ్. కొత్తదానిలో ఏ17 ప్రో, 8 జీబీ ర్యామ్. మొదలయ్యే స్టోరేజ్ 64 నుంచి 128 జీబీకి పెరిగింది. సీపీయూ 30 శాతం, గ్రాఫిక్స్ 25 శాతం వేగం పెరిగాయని కంపెనీ లెక్క. గమనించండి, ఇదే ఏ17 ప్రోకి ఐఫోన్ 15 ప్రోలో 6 గ్రాఫిక్స్ కోర్లు ఉంటే ఇక్కడ 5. తయారీలో ఒక కోర్ సరిగ్గా రాని చిప్‌లను పారెయ్యకుండా ఇలా వాడుకోవడం ఈ పరిశ్రమలో మామూలే. రోజువారీ వాడకంలో ఆ ఒక్క కోర్ తేడా కనిపించదు కాబట్టి దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి. 8 జీబీ ఎందుకు పెట్టారో తెలుసుకోవడం ముఖ్యం. ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే ఏఐ ఫీచర్ నడవాలంటే ఏ17 ప్రో గానీ, ఎం1, ఆ తర్వాతి చిప్ గానీ కావాలి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది 8 జీబీ మెమరీ. అంటే ఈ మినీని మీ కోరికల జాబితా చూసి తయారు చెయ్యలేదు. ఆ ఫీచర్ నడిచే కనీస స్థాయికి మినీని తీసుకొచ్చారు, అక్కడితో ఆపేశారు. ఆ ఫీచర్ కూడా మొదట అమెరికన్ ఇంగ్లీషులోనే. మీరు రోజంతా తెలుగులో రాసుకునేవారైతే దాని కోసం తొందరపడాల్సిన పని అస్సలు లేదు.

ఇలాంటిది ఇదే మొదటిసారి కూడా కాదు. 2014లో వచ్చిన మినీ 3 గుర్తుందా? 2013 నాటి మినీ 2లో ఉన్న ఏ7 చిప్‌నే పెట్టి, వేలిముద్ర బటన్, బంగారు రంగు జోడించి అమ్మారు. ఏడాది తిరక్కుండానే ఏ8తో మినీ 4 వచ్చింది. చివరికి ఏమైంది? మినీ 2, మినీ 3 రెండూ ఐఓఎస్ 12 సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోయాయి. మినీ 4 ఐప్యాడ్ ఓఎస్ 15 దాకా వెళ్లింది. మినీ 3 కొన్నవాళ్లకి ఏడాది కొత్తదన్న పేరే గానీ ఒక్క రోజు ఆయుష్షు కూడా కలిసిరాలేదు. పరికరం ఎన్నాళ్లు బతుకుతుందో నిర్ణయించేది కొన్న తేదీ కాదు, లోపలి చిప్ పుట్టిన ఏడాది. ఈ కొలతతో చూస్తే కొత్త మినీ మినీ 3 అంత మోసం కాదు. ఏ15కి, ఏ17 ప్రోకి మధ్య రెండేళ్ల తేడా, రెట్టింపు మెమరీ ఉన్నాయి. మీ మినీ 6 కూడా అప్పుడే ముసలిదైపోలేదు. 2019 నాటి మినీ 5కే ఐప్యాడ్ ఓఎస్ 18 వచ్చిందంటే మీదానికి ఇంకా కొన్నేళ్లు ఢోకా ఉండకపోవచ్చు.

ఇక తెర. 120 హెర్ట్జ్ ఐప్యాడ్ ప్రోలో 2017లోనే వచ్చింది. ఏడేళ్లయినా మినీకి రాలేదన్నది నిజమే, ప్రో కంటే ఒక మెట్టు కిందుండే ఐప్యాడ్ ఎయిర్‌కే రాలేదన్నదీ నిజమే. ఎయిర్‌కి ఇవ్వనిది దానికంటే చిన్నదానికి ముందు ఇస్తారని ఆశపడటం దగ్గర మన లెక్క తప్పింది. అయితే మినీలో 60 హెర్ట్జ్ మిగతా ఐప్యాడ్లలో కంటే ఎక్కువ చికాకు పెట్టడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మీరు "చదువుతుంటే అక్షరాలు ఒరుగుతాయి" అని రాసింది దాని గురించే. దీన్నే జెల్లీ స్క్రోలింగ్ అంటున్నారు.

తెర మీద బొమ్మ మొత్తం ఒక్కసారిగా మారదు. ఒక అంచు నుంచి మొదలై వరస తర్వాత వరస మారుతూ అవతలి అంచుకి చేరడానికి దాదాపు సెకనులో 60వ వంతు, అంటే 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. మామూలుగా నిలువుగా పట్టుకున్నప్పుడు ఈ వరసలు పైనుంచి కిందికి నడుస్తాయి, మనం లాగేదీ అటే కాబట్టి కంటికి ఆనదు. మినీ 6లో తెరని నడిపే బోర్డు పక్క అంచున ఉంది. దాంతో నిలువుగా పట్టుకుంటే వరసలు అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నడుస్తాయి. ఇప్పుడు లెక్క చూడండి. మీ వేలు సెకనుకు 80 మిల్లీమీటర్ల వేగంతో పేజీని పైకి లాగుతోందనుకుందాం. ఒక అంచు మారి రెండో అంచు మారేలోపు పేజీ జరగాల్సిన దూరం 80ని 60తో భాగిస్తే వచ్చేది, దాదాపు 1.3 మిల్లీమీటర్లు. సుమారు 116 మిల్లీమీటర్ల వెడల్పున్న పేజీలో ఒక కొస ఇంకో కొస కంటే 1.3 మిల్లీమీటర్లు వెనకబడితే వాక్యం వంగినట్టే ఉంటుంది. అదే 120 హెర్ట్జ్ అయ్యుంటే తేడా సగానికి పడిపోయేది. అందుకే ఈ పరికరానికి 120 హెర్ట్జ్ అడగడం సోకు కాదు, ఉన్న లోపానికి మందు అడగడమే.

మీ మినీ 6లో ఇది ఎంతుందో మీరే తేల్చుకోవచ్చు. నల్ల అక్షరాలు, తెల్ల నేపథ్యం ఉన్న పొడవాటి పేజీ తెరవండి. టాబ్లెట్‌ని నిలువుగా బల్ల మీద ఆనించి, ఫోన్ కెమెరాని సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, తెరకి సూటిగా ఎదురుగా ఉంచి, పేజీని మధ్యస్థ వేగంతో లాగుతూ తియ్యండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి. ఒక వాక్యం ఎడమ కొస, కుడి కొస ఒకే గీత మీద ఉన్నాయా లేదా తెలిసిపోతుంది. అదే టాబ్లెట్‌ని అడ్డంగా తిప్పి మళ్లీ తియ్యండి, వంపు మాయమవుతుంది. కొత్త మినీ కొనాలనుకుంటే దుకాణంలో చెయ్యాల్సిన మొదటి పరీక్ష కూడా ఇదే. స్పెసిఫికేషన్ల పట్టికలో ఇది కనబడదు. అక్కడ చూస్తే రెండింటి తెరలూ ఒకటే: 8.3 అంగుళాలు, 2266 బై 1488, 500 నిట్స్.

ఇంతలో మినీ 6లోనే ఉపశమనం కావాలంటే చదివేటప్పుడు అడ్డంగా తిప్పి రొటేషన్ లాక్ వెయ్యండి. పుస్తకాల యాప్‌లో స్క్రోల్ బదులు పేజీలు తిప్పే పద్ధతి ఎంచుకోండి. రెడ్యూస్ మోషన్ ఆన్ చేస్తే తగ్గుతుందని కొందరు చెబుతారు, దానికీ దీనికీ సంబంధమే లేదు. అది యానిమేషన్లని ఆపుతుంది తప్ప తెర వరసలు నడిచే దిక్కుని మార్చదు.

పెన్సిల్ విషయంలో మీ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. 2024 మేలో వచ్చిన ప్రో, ఎయిర్‌లలో ముందు కెమెరాని పొడవాటి అంచుకి మార్చారు. పెన్సిల్ అతుక్కుని చార్జ్ అయ్యేదీ ఆ అంచునే. చోటు కోసం అక్కడి అయస్కాంతాలు, చార్జింగ్ అమరిక మారాయి, పెన్సిల్ 2 పోయింది అంటే సరే, కారణం ఉందనుకోవచ్చు. కానీ కొత్త మినీలో కెమెరా ఇంకా పొట్టి అంచునే ఉంది! అయినా పెన్సిల్ 2 పనిచెయ్యదు. అన్ని మోడళ్లకీ ఒకే పెన్సిల్ ఉంటే వాళ్లకి సులువు, అంతకుమించి మనకి ఒరిగేది కనబడదు.

కొత్తదానికి పనిచేసేవి రెండే: పెన్సిల్ ప్రో, యూఎస్‌బీ-సీ పెన్సిల్. రెండోది చవకని తొందరపడకండి, అందులో ఒత్తిడి గుర్తించే గుణం లేదు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకటే మందం. వంచితే మాత్రం గుర్తిస్తుంది. పక్కన అతుక్కుంటుంది గానీ అక్కడ చార్జ్ అవ్వదు, కేబుల్ గుచ్చాల్సిందే. నోట్సుకి చాలు, బొమ్మలకి చాలదు. పెన్సిల్ ప్రోలో పిండితే మెనూ రావడం, తిప్పితే కుంచె తిరగడం, పోయిన వస్తువుని వెతికే ఫైండ్ మై యాప్‌లో కనబడటం అదనం. పోగొట్టుకునే అలవాటున్నవాళ్లకి ఆ చివరిదొక్కటే డబ్బు చేసే గుణం. కాబట్టి కొత్త మినీ ఖర్చు లెక్కేసేటప్పుడు టాబ్లెట్ ధర ఒక్కటే చూడకండి, పెన్సిల్ ప్రో ధర కూడా కలిపి చూడండి. మీ పాత పెన్సిల్ 2ని విడిగా అమ్మితే ఎయిర్ 4, ఎయిర్ 5, 11 అంగుళాల ప్రో మొదటి నాలుగు తరాలు, 12.9 అంగుళాల ప్రో 3 నుంచి 6వ తరం దాకా ఉన్నవాళ్లకి పనికొస్తుంది. మినీ 6తో కలిపి జతగా అమ్మడమే మేలు, కొనేవాళ్లకి వెతుక్కునే పని తప్పుతుంది. ఒక హెచ్చరిక: వాడని పెన్సిల్‌ని నెలల తరబడి డ్రాయర్‌లో పడేస్తే బ్యాటరీ పూర్తిగా అడుగంటి మళ్లీ చార్జ్ తీసుకోకపోవచ్చు. అమ్మేదాకా వారానికోసారైనా టాబ్లెట్‌కి తగిలించండి.

4 జీబీ మీకు నిజంగా అడ్డం పడుతోందా లేదా అన్నదాన్ని ఊహించక్కర్లేదు. బొమ్మలు గీసే ప్రొక్రియేట్ యాప్ వాడతారు కాబట్టి మీరు మామూలుగా వాడే కొలతలో ఒక కాన్వాస్ తెరిచి యాక్షన్స్, కాన్వాస్, కాన్వాస్ ఇన్ఫర్మేషన్, లేయర్స్ లోకి వెళ్లండి. గరిష్ఠంగా ఎన్ని లేయర్లు వస్తాయో అక్కడ ఉంటుంది. 4000 బై 3000 పిక్సెళ్ల కాన్వాస్‌లో ఒక్క లేయర్‌కి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, 48 ఎంబీ కావాలి. 40 లేయర్లంటే 1.9 జీబీ దాటింది. 4 జీబీలో సిస్టమ్ తనకి తీసుకోగా ఒక యాప్‌కి ఇచ్చే వాటా నుంచే ఇది రావాలి. మీ బొమ్మలు ఆ గరిష్ఠానికి ఎప్పుడూ దగ్గరపడకపోతే 8 జీబీతో మీకొచ్చే లాభం తక్కువ. తరచూ లేయర్లు కలిపేసుకుంటూ నెట్టుకొస్తుంటే మాత్రం కొత్త మినీ కొనడానికి ఇంతకంటే గట్టి కారణం వేరే లేదు. రెండో పరీక్ష ఇది: బ్రౌజర్‌లో సగం నింపిన ఫారం వదిలేసి, కెమెరా, మ్యాప్స్, ఒక పెద్ద పీడీఎఫ్, డ్రాయింగ్ యాప్ వరసగా తెరిచి వెనక్కి రండి. ఫారం ఖాళీ అయిపోతే మెమరీ చాలడం లేదన్నమాట. రోజుకి ఎన్నిసార్లు ఇలా అవుతోందో ఓ వారం గమనించండి.

స్టోరేజ్ గురించి మీకు చెప్పాల్సింది పెద్దగా లేదు, 256 జీబీ ఉంది. 64 జీబీ మినీ 6 ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే సెట్టింగ్స్, జనరల్, ఐప్యాడ్ స్టోరేజ్‌లో ముందు ఏది మింగుతోందో చూడండి. చాలాసార్లు అది మెసేజ్ యాప్‌లలో పేరుకున్న వీడియోలు, డౌన్‌లోడ్ చేసి మరిచిపోయిన సినిమాలే. ఆఫ్‌లోడ్ యాప్ నొక్కితే యాప్ పోతుంది, డేటా ఉంటుంది. డిలీట్ యాప్ నొక్కితే రెండూ పోతాయి, వేలు తడబడకుండా చూసుకోండి. మిగతాది బయటి డ్రైవ్‌లోకి పంపండి. ఫైల్స్ యాప్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ డ్రైవ్‌లను చదువుతుంది. పెన్ డ్రైవ్, చిన్న ఎస్‌ఎస్‌డీ నేరుగా పనిచేస్తాయి గానీ తిరిగే హార్డ్ డిస్క్‌కి కరెంటు చాలక గుర్తించకపోవచ్చు, అప్పుడు విడిగా కరెంటు తీసుకునే హబ్ పెట్టాలి. కొత్త మినీ పోర్ట్ 10 జీబీపీఎస్ అని, మినీ 6ది 5 అని పట్టికలో చూసి మురిసిపోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పెట్టెలో వచ్చే కేబుల్ చార్జింగ్ కోసం ఇచ్చింది, దాని వేగం 480 ఎంబీపీఎస్. దాంతో 50 జీబీ కాపీ చేస్తే ఏ మినీ అయినా ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. వేగం కావాలంటే 10 జీబీపీఎస్ అని రాసున్న కేబుల్ విడిగా కొనాలి.

మినీ 6ని ఇంకో రెండేళ్లు నడపాలంటే అసలు చూడాల్సింది బ్యాటరీ. కొత్త మినీలో బ్యాటరీ హెల్త్, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి, మినీ 6లో లేవు. మ్యాక్ ఉంటే కోకోనట్ బ్యాటరీ అనే యాప్‌కి తగిలిస్తే చార్జింగ్ సైకిళ్ల సంఖ్య (పూర్తి చార్జ్ ఎన్నిసార్లు ఖర్చయిందో), మిగిలిన సామర్థ్యం చూపిస్తుంది. 1000 సైకిళ్లకి 80 శాతం నిలిచేలా తయారు చేశామని కంపెనీ మాట. మ్యాక్ లేకపోతే ఇలా చెయ్యండి. 100 శాతం చార్జ్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, వెలుతురు సగానికి పెట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోని 2 గంటలు ఆడించండి. కొత్తప్పుడు 10 గంటలన్న లెక్కన 20 శాతం తగ్గాలి. 25 తగ్గితే సామర్థ్యం 80 శాతం దగ్గరికి వచ్చినట్టు. 30 దాటితే మార్పించుకునే వేళయింది. ఇది ఉజ్జాయింపే, కానీ నిర్ణయానికి చాలు. తెర అంచు పైకి లేచినా, తెర మీద తెల్లటి మచ్చ వ్యాపిస్తున్నా మాత్రం లెక్కలు వద్దు, చార్జింగ్ ఆపి సర్వీస్‌కి ఇచ్చెయ్యండి, బ్యాటరీ ఉబ్బుతోంది. అధికారిక సర్వీస్‌లో ఐప్యాడ్ బ్యాటరీ అంటే చాలాసార్లు మొత్తం పరికరాన్నే మార్చి ఇస్తారు. కాబట్టి ఇచ్చేముందు బ్యాకప్ తప్పనిసరి.

మరి ప్రో కొనొచ్చు కదా అని మీకే అనిపించి ఉంటుంది. 120 హెర్ట్జ్ వస్తుంది, తెర అద్భుతం, నిజమే. కానీ 11 అంగుళాల ఎం4 ప్రో బరువు 444 గ్రాములు, మినీ 293. ఒంటిచేత్తో పట్టుకుని పడుకుని చదివే మనిషికి ఆ 150 గ్రాములే అసలు సంగతి. మినీకి అలవాటుపడిన చెయ్యి ప్రోని బల్ల మీదే పెట్టుకుంటుంది. అదీగాక మీ పెన్సిల్ 2 ఎం4 ప్రోకి కూడా పనిచెయ్యదు.

ఇంత చదివాక కూడా కొత్త మినీయే కావాలనిపిస్తే మీ పాత కవర్ ఉంచుకోండి. కొలతలు ఒక్క మిల్లీమీటర్ కూడా మారలేదు, 195.4, 134.8, 6.3 మిల్లీమీటర్లు, మినీ 6 ఫోలియో చక్కగా పడుతుంది. సెల్యులార్ మోడల్‌లో సిమ్ ట్రే తీసేశారు, ఈసిమ్ ఒక్కటే. మీ నెట్‌వర్క్ టాబ్లెట్‌కి ఈసిమ్ ఇస్తుందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. వైఫై 6ఈ లాభం 6 గిగాహెర్ట్జ్ రూటర్ ఉంటేనే. కొన్నాక, తిరిగిచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద చూసి, ఆ రోజుల్లోనే పైన చెప్పిన స్లో మోషన్ పరీక్ష, చీకటి గదిలో పూర్తి నల్లటి బొమ్మతో అంచుల్లో వెలుతురు కారుతోందో లేదో, పెన్సిల్‌తో మూలనుంచి మూలకి నిదానంగా ఏటవాలు గీతలు గీస్తే వంకర్లు వస్తున్నాయో లేదో చూసుకోండి.

పాతది వెంటనే చెరిపెయ్యకండి. క్విక్ స్టార్ట్‌తో డేటా మార్చాక, ఫైల్స్ యాప్‌లో ఆన్ మై ఐప్యాడ్ అనే ఫోల్డర్ కొత్తదానిలో తెరిచి చూడండి. క్లౌడ్‌లో లేని బొమ్మలు, పీడీఎఫ్‌లు ఉండేది అక్కడే. ఓటీపీ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లు ఉంటే కొత్తదానిలో ఒక్కసారి లాగిన్ అయి పనిచేస్తున్నాయని తేల్చుకోండి. ఇవి ఒక వారం వాడి చూశాకే పాతదానిలో సెట్టింగ్స్, జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐప్యాడ్‌లోకి వెళ్లి మొత్తం చెరిపెయ్యండి. అప్పుడు అడిగే పాస్‌వర్డ్ ఇస్తే ఫైండ్ మై, యాక్టివేషన్ లాక్ రెండూ పోతాయి. ఇది చెయ్యకుండా అమ్మితే కొన్నవాళ్లు తెర దాటి లోపలికి వెళ్లలేక మర్నాడే మీకు ఫోన్ చేస్తారు.